సెకండ్‌హ్యాండ్ మోటార్‌హోమ్ కొనేముందు మేం వాడిన మూడు సేవలు: ఏది ఎంతవరకు కాపాడింది

మార్కులు ముందే చెప్పేస్తాను. బండి ఉన్నచోటికి వెళ్లి చూసొచ్చే తనిఖీ మనిషికి 5కి 5. బండి చేతికొచ్చేదాకా డబ్బును మధ్యలో పట్టి ఉంచే ఎస్క్రోకు 4. విన్ నంబర్ (ప్రతి బండికీ తయారీలోనే వేసే గుర్తింపు సంఖ్య) కొడితే బండి పుట్టుపూర్వోత్తరాలు ఇచ్చే చరిత్ర రిపోర్టుకు 3. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి మోటార్‌హోమ్, అంటే లోపల ఇల్లులా అమర్చిన బండి, కొనేటప్పుడు ఈ మూడింటికీ డబ్బు కట్టాం. మోసం నుంచి కాపాడటంలో ఏది ఎంత పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో రాస్తున్నాను. ఇప్పుడు ప్రకటనలు చూస్తున్నవాళ్లు అడ్వాన్స్ పంపేముందు ఒకసారి చదవండి.

నేను వాహన రుణాల విభాగంలో కాగితాలు సరిచూసే పని చేసి రిటైరయ్యాను. మా ఆయన ఇంజిన్ చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలరు. ఫోన్ తెర మీద బేరం నడిచేటప్పుడు ఈ రెండు విద్యలూ సగమే పనిచేస్తాయి. నిజమైన కాగితాన్ని స్కాన్ చేసి పేరు మార్చడం కష్టం కాదు. ఎవరిదో బండి ఫొటోలు, ఎవరో తీసిన ఇంజిన్ వీడియో తెచ్చి పెట్టుకోవడం ఇంకా తేలిక. ఇలాంటి ప్రకటనలు పెట్టే మోసగాడి దగ్గర లేనిది బండి ఒక్కటే. వాడు చెప్పే కథ, తొందర, కన్నీళ్లు, ఇచ్చే హామీలు అన్నీ ఆ ఒక్క లోటును కప్పడానికే. అందుకే ఏ సేవకైనా నేను వేసిన ప్రశ్న ఒకటే: ఇది మనవైపు మనిషిని బండి ముందు నిలబెడుతుందా?

మోటార్‌హోమ్‌ల మీద ఈ మోసాలు ఎక్కువగా పారడానికి కారణం ఉంది. మామూలు కారైతే అదే మోడల్ దగ్గర్లోనే ఇంకోటి దొరుకుతుంది, వెళ్లి చూసేస్తాం. మోటార్‌హోమ్ అలా కాదు. మనకు కావలసిన పొడవు, మంచాల అమరిక ఉన్న బండి చాలా దూరంలో ఉంటుంది. ధర ఎక్కువ కాబట్టి కొంచెం తగ్గినా మనసు లాగేస్తుంది. కొనేవాళ్లలో చాలామందికి అదే మొదటి బండి, కొన్నాళ్లుగా దాచుకున్న కోరిక. మోసగాడు ఆ కోరికనే పట్టుకుంటాడు.

మాకు తగిలిన ఒక ప్రకటన సంగతి చెబుతాను. ధర మిగతావాటిలో సగం కూడా లేదు. ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి. రాసినావిడ భర్త పోయారట, బండిని చూస్తే దుఃఖం ఆగడం లేదట, అందుకే ఎంతకో అంతకు వదిలించుకుంటోందట. బండి ఇప్పటికే ఒక రవాణా కంపెనీ గోదాములో సీలు వేసి ఉందట. డబ్బు కడితే ఇంటి ముందు దింపుతారు, 5 రోజులు వాడి చూడండి, నచ్చకపోతే ఒక్క పైసా ఖర్చు లేకుండా వెనక్కి తీసుకుంటాం అని రాసింది. చదివితే ఎంత న్యాయంగా ఉంది! చూడకుండా కొనమని అనలేదు, ఇంటికొచ్చాక చూడమంది. కానీ డబ్బు మాత్రం ముందే కట్టాలి. ఈ కథ కొత్తది కాదు. చాలా ఏళ్లుగా పేర్లు మార్చుకుని తిరుగుతోంది. ఒకసారి భర్త పోయిన భార్య, ఒకసారి విదేశానికి బదిలీ అయిన సైనికుడు, ఇంకోసారి విడాకుల్లో వచ్చిన బండి. గోదాము మాత్రం ప్రతిసారీ ఉంటుంది.

నేను ఒక్క వాక్యం రాశాను: "మా తరఫున తనిఖీ మనిషి గోదాముకే వస్తాడు, అడ్రసు ఇవ్వండి, ఆయన ఫీజు మేమే పెట్టుకుంటాం." బయటివాళ్లను రానివ్వరని జవాబు వచ్చింది. రవాణా కంపెనీ వాళ్లతోనే మాట్లాడిస్తారా అని అడిగితే, ఇంకో ఇద్దరు డబ్బు పంపడానికి సిద్ధంగా ఉన్నారు, ఈ రాత్రిలోగా తేల్చండి అంది. అక్కడితో వదిలేశాం. మొదటి ఫోన్‌లోనే ఈ ప్రశ్న అడగమని అందరికీ చెబుతున్నాను. నిజంగా బండి ఉన్నవాడికి దీనివల్ల పోయేదేమీ లేదు, ఒక పూట ఇంట్లో ఉంటే చాలు. లేనివాడికి మాత్రం దీనికి చెప్పే జవాబు ఉండదు.

తనిఖీ మనిషిని పెట్టేముందు డబ్బు ఖర్చు లేకుండా చేసుకోగలిగిన వడపోత కొంత ఉంది. ఫొటోలను గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో వేసి వెతకండి. అవే ఫొటోలు పాత ప్రకటనలో వేరే పేరుతో, వేరే ఊరి పేరుతో కనిపిస్తే పని అయిపోయినట్టే. కనిపించకపోతే మాత్రం బండి నిజమని అర్థం కాదు, ఫొటోను అద్దంలో బొమ్మలా తిప్పి పెట్టినా, అంచులు కత్తిరించినా వెతుకులాటకు దొరక్కపోవచ్చు. అందుకే నేను ఫొటోలను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తాను. మోటార్‌హోమ్‌కు కారుకు లేని సౌకర్యం ఒకటుంది: దానికి లోపలా బయటా ఉన్నాయి, ఆ రెండూ కలవాలి. బయట ఎడమవైపు తలుపు వెనక రెండు కిటికీలుంటే లోపల కూడా అక్కడ రెండే ఉండాలి. ఫ్రిజ్ ఉన్నచోట బయట గాలి జాలీ కనిపించాలి, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్‌కు అది తప్పదు. స్నానాలగది పైన చిన్న గవాక్షం ఉంటే పైకప్పు ఫొటోలో అదే చోట మూత ఉండాలి. రెండు మూడు బండ్ల నుంచి ఫొటోలు ఏరి పెట్టినవాడు ఇక్కడే దొరికిపోతాడు. తయారీ కంపెనీ పాత బ్రోషరు నెట్‌లో దొరికితే అందులోని ప్లాన్ ముందు పెట్టుకుని చూడండి. సోఫా రంగు కంటే ఇది ముఖ్యం.

ఇంకొక మంచి ప్రశ్న: "ఛాసిస్ ఏ సంవత్సరానిది, పైన ఇల్లు కట్టింది ఏ సంవత్సరం?" మోటార్‌హోమ్ చాలావరకు రెండు కంపెనీల పని. కింద ఇంజిన్, చక్రాలు, ఛాసిస్ (అడుగు చట్రం) ఫోర్డ్‌దో, ఫియట్ డుకాటోదో, మెర్సిడెస్ స్ప్రింటర్‌దో అయి ఉంటుంది. దాని మీద ఇల్లు కట్టేది ఇంకో కంపెనీ. ఛాసిస్ తయారై, ఇల్లు కట్టేవాళ్ల దగ్గరికి చేరి, పూర్తయ్యేసరికి ఏడాది మారిపోవచ్చు. అందుకే ఒకే బండికి రెండు సంవత్సరాలు ఉండటం మామూలే. చాలా బండ్లలో రెండు నంబర్లు కూడా ఉంటాయి, ఒకటి ఛాసిస్ విన్, రెండోది ఇల్లు కట్టిన కంపెనీ సొంత సీరియల్. బండిని వాడి, బీమా కట్టి, విడిభాగాలు తెప్పించుకున్నవాడికి ఇది కంఠతా వస్తుంది. దొంగ ఫొటోల వాడు తడబడతాడు, లేదా ప్రకటనలో రాసిందే మళ్లీ రాస్తాడు.

మేం చివరికి కొన్న బండి యజమాని ఒక పెద్దాయన. ఈ ప్రశ్న అడిగితే ఆయన అరగంట మాట్లాడారు. ఛాసిస్ ఒక ఏడాది ముందుదని, ఒకసారి విడిభాగం తెప్పిస్తే సంవత్సరం తేడా వల్ల తప్పుది వచ్చిందని చెప్పారు. వెనక కిటికీ దగ్గర వాన నీరు దిగిందని, తానే సీలెంట్ పెట్టానని, ఎక్కడానికి బయటికొచ్చే మెట్టు ఒక్కోసారి సగంలో ఆగిపోతుందని మేం అడక్కముందే చెప్పారు. తన బండి లోపాలు తానే వరసపెట్టి చెప్పే మనిషి మీద నాకు గౌరవం కలుగుతుంది. ఏ లోపమూ లేని వాడిన మోటార్‌హోమ్ నేనెక్కడా చూడలేదు. మీరు కూడా "దీంతో మిమ్మల్ని బాగా విసిగించింది ఏమిటి?" అని అడిగి చూడండి.

ఇక చరిత్ర రిపోర్టు. 3 మార్కులే ఎందుకంటే, అది చెప్పేది ఆ నంబరు గురించి, మనకు అమ్మే మనిషి గురించి కాదు. పార్కింగ్‌లో ఉన్న నిజమైన బండి అద్దం మీంచి నంబరు రాసుకొచ్చి, లేదా ఇంకో ప్రకటనలోంచి తీసుకుని, తన ప్రకటనలో పెట్టుకోవచ్చు. రిపోర్టు శుభ్రంగా వస్తుంది, ఎందుకంటే అసలు యజమాని బండి శుభ్రమైనదే. ఈ రిపోర్టు ముఖం చూసి ధైర్యం తెచ్చుకుని డబ్బు పంపేవాళ్ల గురించే నా దిగులు.

అలాగని వద్దనను. అమెరికాలో 1981 నుంచి విన్ నంబరుకు 17 స్థానాలు ఖాయమయ్యాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు రావు, 1తోనూ సున్నాతోనూ పొరపడతారని. ఆ అక్షరాలు కనిపించినా, 17కు తక్కువైనా ఆ నంబరు చెల్లదు, రిపోర్టుకు డబ్బు దండగ. ఉత్తర అమెరికా బండ్లలో 9వ స్థానం మిగతావాటితో లెక్క కుదరాలి, 10వది మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది. యూరప్ కోసం తయారైన బండ్లలో ఆ రెండు నియమాలూ తప్పనిసరి కావు కాబట్టి అక్కడ దీన్నిబట్టి తీర్పు చెప్పకండి. అమెరికాలో ఎన్‌ఐసీబీ అనే బీమా కంపెనీల సంఘం వాళ్ల విన్‌చెక్ ఉచితం, దొంగతనం కేసు గానీ, బీమా కంపెనీ పనికిరాదని తేల్చిన చరిత్ర గానీ సభ్య కంపెనీల లెక్కల్లో ఉంటే చూపిస్తుంది. బ్రిటన్‌లో హెచ్‌పీఐ చెక్‌తో బండి మీద అప్పు మిగిలి ఉందో తెలుస్తుంది. ఒక హెచ్చరిక: ఈ రిపోర్టుల పేరుతోనే ఇంకో మోసం నడుస్తోంది. "ఫలానా సైటులో రిపోర్టు తీసుకుంటేనే మాట్లాడతాను" అని అవతలివాడు లింకు పంపుతాడు. అది కార్డు నంబర్లు లాగే సైటు. కొనేవాళ్ల వేషంలో అమ్మేవాళ్లను ఇలా మోసం చేస్తున్నారని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2018లోనే హెచ్చరించింది. రిపోర్టు ఎక్కడ తీసుకోవాలో మనమే ఎంచుకోవాలి, అడ్రసు మనమే టైపు చేయాలి.

బండి మీద అప్పు గురించి నా ఉద్యోగ అనుభవంతో ఒక మాట. "అప్పు తీరిపోయింది" అనే ఉత్తరాన్ని అమ్మేవాడు చూపిస్తే సరిపోదు. అప్పిచ్చిన సంస్థ నంబరును ఆ ఉత్తరం మీంచి కాకుండా సొంతంగా వెతికి పట్టుకుని, వాళ్లకు ఫోన్ చేసి అడగండి. ఇంకా బాకీ ఉంటే ఆ మొత్తాన్ని నేరుగా ఆ సంస్థకే కట్టి, మిగిలింది యజమానికి ఇవ్వండి. నిజాయితీగల యజమాని దీనికి ఎప్పుడూ అడ్డు చెప్పడు. ఉద్యోగంలో ఉండగా బాకీ ఉన్న బండ్లు కొని ఏడ్చినవాళ్లను చూశాను, వాళ్ల తప్పేమీ లేదు, కాగితం అంత బాగా ఉంది.

ఇప్పుడు తనిఖీ సేవ. మేం పెట్టుకున్న మనిషి మోటార్‌హోమ్‌లే చూసే వాడు, కార్లు చూసే మెకానిక్ కాదు. ఈ తేడా చాలా పెద్దది. అమెరికాలో ఎన్‌ఆర్‌వీఐఏ అనే సంఘం ఇలాంటి తనిఖీదారులకు సర్టిఫికెట్ ఇస్తుంది, బ్రిటన్‌లో ఎన్‌సీసీ అనే క్యారవాన్ పరిశ్రమ సంఘం వాళ్ల ఆమోదం ఉన్న వర్క్‌షాపులు ఉన్నాయి. ఎక్కడైనా సరే, అమ్మేవాడు సూచించిన మనిషిని పెట్టుకోకండి. "మా ఊళ్లో మంచి మనిషి ఉన్నాడు, ఫీజు ఆయన ఖాతాకు పంపండి" అంటే అది ఇంకో ఉచ్చు కావచ్చు.

మావాడు అక్కడికి చేరగానే చేసిన మొదటి పని నాకు బాగా నచ్చింది. ఇంజిన్ తెరవలేదు, ఇల్లు చూడలేదు. వీడియో కాల్ పెట్టి, ముందు అద్దం కింద ఉన్న విన్ ప్లేటు చూపించాడు, తర్వాత డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్, ఆ తర్వాత ఇల్లు కట్టిన కంపెనీ ప్లేటు. "మేడమ్, మీ దగ్గరున్న కాగితం మీది నంబరు ఒక్కో అక్షరం చదవండి, నేను ఇక్కడ చూస్తాను" అన్నాడు. నేను చదివాను, ఆయన చూశాడు. తర్వాత పెద్దాయన గుర్తింపు కార్డులోని పేరూ, రిజిస్ట్రేషన్ కాగితం మీది పేరూ కలిపి చూశాడు. నా ఉద్యోగంలో నేను బల్ల దగ్గర చేసిన పనినే ఆయన బండి దగ్గర చేశాడు. మోసానికి సంబంధించినంతవరకు ఆ పది నిమిషాలే మొత్తం ఫీజుకు తగిన విలువ ఇచ్చాయి. బండి ఉంది, నంబరు దానిదే, అమ్మే మనిషి దాని యజమాని. ఈ మూడూ ఏ వెబ్‌సైటూ చెప్పలేదు.

మిగతా తనిఖీ కూడా శ్రద్ధగా చేశాడు. చెమ్మ మీటరుతో గోడలు, మూలలు, పైకప్పు మూతల చుట్టూ కొలిచాడు. పెద్దాయన చెప్పిన వెనక కిటికీ దగ్గర 20 శాతం పైన చూపించింది, మిగతా చోట్ల మామూలుగా ఉంది. అంటే ఆయన చెప్పింది నిజం, దాచింది లేదు. టైర్ల పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర ఉండే నాలుగు అంకెలు ఫొటో తీశాడు. ఉదాహరణకు 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మోటార్‌హోమ్ ఎక్కువకాలం నిలిచే ఉంటుంది కాబట్టి టైరు అరగకముందే ముసలిదవుతుంది, పైకి కొత్తగా కనిపించి రోడ్డు మీద పేలుతుంది. జనరేటర్‌కు విడిగా గంటల మీటరు ఉంటుంది, అదీ చూశాడు. ఓడోమీటరు తక్కువ చూపిస్తూ జనరేటర్ గంటలు వేలల్లో ఉంటే బండి ఒకేచోట కాపురంలా వాడుకలో ఉండొచ్చు. గ్యాస్ లైన్‌కు ఒత్తిడి పరీక్ష చేశాడు. గ్యాస్ లీకు అలారం గడువు దాటిందని రాశాడు. ఆ అలారంకు గడువు తేదీ ఉంటుందని కొనేవాళ్లలో చాలామందికి తెలియదు, దయచేసి చూసుకోండి, నిద్రపోయేది ఆ బండిలోనే.

నచ్చనివీ ఉన్నాయి. రిపోర్టులో ఫొటోలు కుప్పగా పోసి పంపారు, ఏది ఎక్కడిదో పేర్లు లేవు, మళ్లీ ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. ఇంజిన్ భాగం పలచగా ఉంది. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపాలంటే వేరే ఫీజు అన్నారు, ఆ సంగతి ముందు చెప్పలేదు. మా ఆయన ఇంజిన్ కోసం వేరే మెకానిక్‌ను మాట్లాడుకున్నారు. అయినా 5 మార్కులు తగ్గించను. మనం వెళ్లలేనిచోట మన కళ్లై నిలబడే మనిషి కోసం నేను డబ్బు కట్టాను, ఆయన ఆ పని చేశాడు.

ఆయన వెళ్లే వీలు లేకపోతే? సగం దూరమైనా మనమే పోవాలి. అదీ కుదరకపోతే లైవ్ వీడియో కాల్ అడగండి, రికార్డు చేసిన వీడియో వద్దు. ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయమనండి, నంబరు ప్లేటు దగ్గరికి వెళ్లమనండి, మీరు అప్పటికప్పుడు చెప్పిన అరను తెరవమనండి. కాల్ కుదరదు, నెట్ బాగాలేదు అంటే ఇంకో రోజు పెట్టుకుందామనండి. ఎన్ని రోజులైనా నెట్ బాగుపడకపోతే వదిలేయండి. అలాగే, "నువ్వు నిజమైన మనిషివో కాదో తెలుసుకోవాలి, నీ ఫోన్‌కు వచ్చిన 6 అంకెల కోడ్ చెప్పు" అంటే చెప్పకండి. ఆ కోడ్‌తో మీ నంబరు మీద వాడు ఖాతా తెరుచుకుని తర్వాతి మనిషిని మోసం చేస్తాడు.

ఎస్క్రోకు 4. మేం కట్టిన డబ్బు వాళ్ల దగ్గర ఆగి, బండి, సంతకం చేసిన కాగితాలు మాకు చేరాయని చెప్పాకే పెద్దాయనకు వెళ్లింది. ఆయనకూ నిశ్చింత, ఎందుకంటే బండి ఇచ్చేముందే డబ్బు నిజంగా వచ్చిందని ఆయనకు తెలిసింది. దొంగ చెక్కులు, ఎక్కువ రాసిన చెక్కులు ఇచ్చి తేడా వెనక్కి పంపమనే కొనేవాళ్ల వల్ల అమ్మేవాళ్లూ నష్టపోతున్నారు. ఒక మార్కు తగ్గించింది వాళ్ల కస్టమర్ సర్వీసు నిదానం వల్ల. కాగితాల మీద ఒక ప్రశ్నకు జవాబు రావడానికి మేమిద్దరం ఎదురుచూడాల్సి వచ్చింది.

ఎస్క్రోలోనే పెద్ద ప్రమాదం కూడా ఉంది, జాగ్రత్త. మోసగాళ్లకు ఎస్క్రో అంటే చాలా ఇష్టం, వాళ్లే తయారుచేస్తారు. లోగో, తాళం గుర్తు, చాట్‌లో మర్యాదగా మాట్లాడే మనిషి, అన్నీ ఉంటాయి. ఎస్క్రో డాట్ కామ్ లాంటి సంస్థ 1999 నుంచి ఉంది, దొంగ ఎస్క్రో సైటు వయసు కొన్ని వారాలే. హూయిజ్ అనే ఉచిత వెతుకులాటలో ఏ సైటు ఎప్పుడు పుట్టిందో తెలుస్తుంది. లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వ సంస్థ సైటులోకి వెళ్లి పేరు ఉందో లేదో చూడండి. "ఈబే వాహన కొనుగోలు రక్షణ ఉంది" అని ఈమెయిల్ వచ్చినా, కొనుగోలు ఈబేలో జరగకపోతే ఆ రక్షణ వర్తించదు. ఆ పేరు వాడుకున్న మోసాల మీద ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది. గిఫ్ట్ కార్డుల్లో గానీ, క్రిప్టోలో గానీ డబ్బు అడిగితే ఇంక ఆలోచించాల్సింది లేదు. బ్యాంకు వైర్ కూడా ఒకసారి వెళ్తే వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం, పొరపాటున పంపితే అదే గంటలో బ్యాంకుకు ఫోన్ చేయండి.

ఆ గోదాము ప్రకటనను సైటువాళ్లకు రిపోర్టు చేశాను, తీసేశారు. కొన్నాళ్లకే అవే ఫొటోలు ఇంకో పేరుతో, ఈసారి సైనికుడి కథతో వచ్చాయి. మళ్లీ రిపోర్టు చేసి, ఫొటోల వెతుకులాటలో దొరికిన పాత ప్రకటన ద్వారా అసలు యజమానికి కూడా రాశాను. ఆయన బండి ఎప్పుడో అమ్మేశారట, తన ఫొటోలు ఇలా తిరుగుతున్నాయని తెలియదన్నారు. ఆయన కూడా సైటుకు ఫిర్యాదు పెట్టారు. మీకు ఇలాంటివి కనిపిస్తే వదిలి ముందుకు పోకండి, రిపోర్టు బటన్ నొక్కి, స్క్రీన్‌షాట్ జతచేసి, సైబర్ పోలీసులకు కూడా పంపండి. మీరు తప్పించుకున్న ఆ ప్రకటన కింద ఈ పూటే ఇంకెవరో అడ్వాన్స్ ఎంత పంపాలని అడుగుతూ ఉండొచ్చు.